డ్రాఫ్ట్ రోజు పంచిన లడ్డూలు

పోయిన ఆదివారం మా అమ్మాయి ఇంట్లో మరిచిపోయిన మోకాలి పట్టీ ఇచ్చి వద్దామని, అది పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పే స్పోర్ట్స్ హాలుకి వెళ్ళాను. లోపల అడుగు పెట్టగానే, ఈత క్లాసుల టైమింగులూ, పెద్దవాళ్ళ యోగా కాగితాలూ అంటించే బోర్డు మీద, వాటన్నిటినీ కప్పేస్తూ ఒక పెద్ద పోస్టరు కనిపించింది. అమెరికాలో ఒక కాలేజీ వాళ్ళది. నలుగురు ఆడపిల్లల ముఖాలు, ఒక్కో ముఖం కింద ఒక్కో నంబరు, అన్నిటికీ అడుగున ఇంగ్లీషులో ‘తర్వాత నువ్వే’ అని గుమ్మడికాయంత అక్షరాలు. నా వయసువాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఎంసెట్ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు మొదటి పేజీలో వార్తలన్నీ ఎత్తేసి, స్టాంపు సైజు ఫోటోలు పరిచి, ఒక్కో ఫోటో కింద ఒక్కో ర్యాంకు వేసి, మా కాలేజీలో చేరండి అని ఊదరగొట్టేవాళ్ళు చూడండి, ఆ ప్రకటనే సముద్రం దాటి, బనీనూ నిక్కరూ తొడుక్కుని లీసెస్టర్‌లో నా ఎదురుగా నిలబడింది.

ఆ నలుగురిలో రెండో అమ్మాయిని నేను ఎరుగుదును. ఆ పిల్లకి నేనెవరో తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. ఒకసారి ఆ పిల్ల పేరు చెప్పుకుని లడ్డూలు చుట్టి పంచిపెట్టాం, అంతే మా చుట్టరికం. ఆ లడ్డూల కథ తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మేము ఈ ఇంగ్లీషువాళ్ళ దేశం వచ్చింది 2008లో. మావారి ఉద్యోగం మొదట స్విండన్‌లో, రెండేళ్ళకి లీసెస్టర్‌కి మార్చారు. మా అమ్మాయి అప్పటికే తన క్లాసులో టీచరుకంటే పొడుగు. స్విండన్‌లో మాకు తెలిసిన తెలుగు ఆంటీలు ఒక్కొక్కరూ దాని పొడుగు చూసి, అదేదో జ్వరమన్నట్టు, మందేమైనా వాడుతున్నారా అన్నంత జాలిగా నన్ను చూసేవాళ్ళు. లీసెస్టర్ వచ్చాక స్కూల్లో ఒక ఇంగ్లీషావిడ, బాస్కెట్‌బాల్ క్లబ్బు నడిపేది, ఈ పిల్లని నాకు ఇవ్వండి అని అడిగింది. దాని పొడుగుని చూసి మొహం వెలిగిన మొదటి మనిషి ఆవిడే. అందుకే ఆవిడంటే నాకు గౌరవం. ఆ తర్వాత మా వారాంతాలన్నీ కారులోనే గడిచాయి. నార్తాంప్టన్‌లో మ్యాచి, ఇంకెక్కడో టోర్నమెంటు, వెనక సీట్లో పులిహోర డబ్బా, చెమట వాసన వేసే సంచీ. గెలిచినా ఓడినా ఆ పిల్లలు పులిహోర మాత్రం మిగల్చేవాళ్ళు కాదు. ఆ రోజులు నిజంగా బావుండేవి. కారు హీటరు పనిచెయ్యని శీతాకాలాల్లో కూడా బావుండేవి.

దానికి పదహారేళ్ళు వచ్చేసరికి అమెరికా కాలేజీలవాళ్ళు ఆరా తియ్యడం మొదలుపెట్టారు. అక్కడి కాలేజీల్లో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్లకి కోచ్‌లుంటారు. వాళ్ళు దేశదేశాలు తిరిగి పిల్లల్ని ఏరుకుంటారు. ఏరుకున్న పిల్లకి చదువూ, బసా, భోజనమూ అన్నీ కాలేజీయే చూసుకుంటుంది. అయితే సంతకాలు పెట్టడానికి ఒక రుతువు ఉంటుంది, మా అమ్మాయికి అది మరుసటి ఏడు గానీ రాదు, అంతదాకా నోటిమాటే. ముగ్గురు కోచ్‌లు మా అమ్మాయిని అడిగారు. అందులో ఒకావిడ, ఒక చిన్న కాలేజీ కోచ్, సెప్టెంబరులో స్వయంగా మా ఇంటికే వచ్చింది. నేను వేసిన పెసరట్టు తిని, అల్లప్పచ్చడి ఘాటుకి కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇంకోటి వెయ్యమంది. లేచేటప్పుడు మావారి రెండు చేతులూ పట్టుకుని, మీ అమ్మాయికి సీటు ఇస్తున్నాను, స్కాలర్‌షిప్ మొత్తం ఇస్తున్నాను, ఇవాళ్టినుంచి తను మా కుటుంబంలో మనిషి అంది. ఇంటికొచ్చి ఇంత మంచిమాట చెప్పిన ఆడమనిషిని వట్టి చేతుల్తో పంపుతామా? బొట్టుపెట్టి, రవికెల గుడ్డా, కొబ్బరికాయా, రెండు అరటిపళ్ళూ పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. ఆవిడ మురిసిపోయి, కొబ్బరికాయ చంకలో పెట్టుకుని ఫోటో దిగి, దాన్ని తన కాలేజీ పేజీలో కూడా పెట్టుకుంది.

మా లెక్క ప్రకారం అక్కడితో విషయం ఖాయమైపోయింది. మిగతా ఇద్దరు కోచ్‌లకీ అదే వారంలో, మీ ఆదరణకి కృతజ్ఞతలు, మా అమ్మాయికి కుదిరిపోయింది, దయచేసి ఆ చోటు ఇంకో పిల్లకి ఇచ్చుకోండి అని మెయిలు రాశాం. సంగతి తెలిసి క్లబ్బు కోచ్ తల పట్టుకుంది. సంతకం అయ్యేదాకా అందరితోనూ మాట్లాడుతూ ఉండాలి, అదే పద్ధతి అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఇంటికొచ్చి మావారితో అంటే ఆయన కోపంగా లేచారు.

“తాంబూలం పుచ్చుకుని వెళ్ళింది ఆవిడ! ఇంకా వేరేవాళ్ళతో మంతనాలేమిటి, అసయ్యంగా?”

“డాడ్, ఆవిడకి అది తాంబూలం అని తెలీదు. షి థాట్ ఇట్ వాజ్ ఫ్రూట్,” అంది మా అమ్మాయి.

మేమందరం నవ్వాం. ఎంత నవ్వుకున్నామో. కానీ ఒక్కమాట మీకు ముందే చెప్తున్నాను. ఆ మెయిళ్ళు రాయడం తెలివితక్కువ అని తర్వాత ఎంతమంది అన్నా, నేను ఇప్పటికీ ఒప్పుకోను. మాట అయిపోయాక ఇంకో ఇంటి గుమ్మంలో కూర్చుని బేరాలాడటం నాకు మా అమ్మ నేర్పలేదు, నేను మా అమ్మాయికి నేర్పలేదు.

ఆ చలికాలమంతా మా ఇంట్లో ఆ కాలేజీ సొంత కాలేజీ అయిపోయింది. వాళ్ళ మ్యాచులు కంప్యూటర్లో చూసేవాళ్ళం. వాళ్ళ జట్టులో చివరి ఏడాది చదువుతున్న ఒక పిల్ల ఉండేది, పోస్టరులో రెండో ముఖం అన్నానే, ఆ పిల్ల. సన్నగా, ఎప్పుడూ నోట్లో జుట్టు కొస పెట్టుకుని, బంతి అందగానే మాత్రం పులిలా. మావారు ఆ పిల్లని మన పిల్ల అనేవారు. ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ అని ఒకటి జరుగుతుంది. కాలేజీ చదువు ముగిసే ఆడపిల్లల్లోంచి అక్కడి ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. ముందు ఎంచుకున్న పిల్ల గొప్ప, తర్వాతది కాస్త తక్కువ గొప్ప. మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే ర్యాంకులు. ఆ చిన్న కాలేజీనుంచి అంతకుముందు ఎవరూ ఎంపికైనట్టు మేము వినలేదు. ఆ ఏడు ఆ పిల్లని ఎంచుకున్నారు, అదీ మొదటి విడతలోనే.

ఇక మావారి హడావుడి చూడాలి. మన కాలేజీకి ర్యాంకొచ్చింది అని ఆఫీసులో చెప్పారు, నార్తాంప్టన్‌లో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి చెప్పారు, గుంటూరులో మా మరిదికి కూడా చెప్పారు. నేను లడ్డూలు చుట్టాను. మర్నాటి ప్రాక్టీసుకి డబ్బా నిండా పట్టుకెళ్ళి పిల్లలందరికీ పంచాను. క్లబ్బు కోచ్ ఒకటి తీసుకుని, కొరికి, నెమ్మదిగా నమిలి, “వాళ్ళకి చాలా మంచి వార్త” అంది. ఆవిడ ముఖంలో మాత్రం ఆ మంచి వార్త ఎక్కడా కనిపించలేదు. లడ్డూలో యాలకులు ఎక్కువయ్యాయేమో అనుకున్నాను.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి, విసుక్కోకండి. పెళ్ళికి ముందు నేను విజయవాడలో ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. అక్కడ ఇంగ్లీషు చెప్పడమంటే లెక్కల క్లాసుల మధ్య పిల్లలు కునుకు తియ్యడానికి నీడ ఇవ్వడం అని అర్థం. ఒక ఏడాది మా కాలేజీ కుర్రాడికి పెద్ద ర్యాంకు వచ్చింది. ఆ కుర్రాడు చెట్టు కింద కూర్చోబెట్టి చెప్పినా ర్యాంకు తెచ్చుకునేవాడే, అయినా క్రెడిట్టు మాది. పేపర్లో బొమ్మ పడింది. వారం తిరక్కుండా గేటు దగ్గర జనం, జీపులూ, సిఫార్సులూ. అప్పుడు ఏమైందంటే, మార్చిలోనే మెయిన్ క్యాంపస్‌లో సీటు ఇస్తామని మాటిచ్చిన మామూలు మార్కుల పిల్లలందర్నీ ఊరి చివర రేకుల షెడ్డుకి తోలేశారు. ఒక తండ్రి, చేనుమీంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, కాళ్ళకి మట్టి, మా ప్రిన్సిపాల్‌ని పట్టుకుని, “మీ నోటితోనే అన్నారు గదయ్యా, మీ బిడ్డ మా బిడ్డే అని!” అంటున్నాడు. ప్రిన్సిపాల్ ఏమాత్రం తొణక్కుండా, “అప్పుడు పరిస్థితి వేరండీ” అన్నాడు.

ఆ మాటే మే నెలలో మా ముందుగదిలో, కంప్యూటరు తెరమీంచి, అమెరికా యాసలో వినబడింది.

ఆ కోచ్ అదే నవ్వుతో వచ్చింది. డ్రాఫ్ట్ తర్వాత తమ కాలేజీకి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయంది. ఇన్నాళ్ళూ తమ ఉత్తరాలకి జవాబైనా ఇవ్వని పెద్ద పెద్ద ఆటగత్తెలు, అమెరికాలోవాళ్ళు, ఆస్ట్రేలియావాళ్ళు, ఇప్పుడు తామంతట తామే వస్తామంటున్నారంది. చిన్న కాలేజీకి ఇలాంటి అవకాశం మళ్ళీ రాదంది. పరిస్థితి మారిందంది. మా అమ్మాయి అంటే తనకి ఎంతో ఇష్టమట, కావాలంటే స్కాలర్‌షిప్ లేకుండా మా ఖర్చుమీద వచ్చి జట్టులో చేరవచ్చట. మేనేజ్‌మెంటు కోటా అన్నమాట! డబ్బు కట్టి వచ్చి బెంచీ మీద కూర్చోమంటోంది. మా అమ్మాయి చేతిలో పెన్నుంది, దాని మూత తీస్తూ పెడుతూ ఉంది. నేను ఊరుకోలేదు. ఊరుకునే అలవాటు నాకు లేదు.

“సెప్టెంబరులో మా పిల్ల మీ కుటుంబం అన్నారు కదా?” అన్నాను.

“ఎప్పటికీ మా కుటుంబమే,” అంది ఆవిడ గుండెమీద చెయ్యి వేసుకుని.

“మా ఇళ్ళల్లో బావున్న కోడళ్ళు దొరికారని ఉన్న కూతుర్ని గుమ్మం బయట నిలబెట్టరమ్మా. మీ ఇళ్ళల్లో నిలబెడతారేమో నాకు తెలీదు. బొట్టు పెట్టించుకుని వెళ్ళావు నువ్వు, గుర్తుందా?”

ఇది ఇంగ్లీషులోనే అన్నాను, బొట్టు తప్ప. ఆవిడకి అర్థం కాలేదో, అయినా కానట్టు ఉందో గానీ, మా అమ్మాయి మాత్రం, “మమ్, ప్లీజ్,” అని, తెరవైపు తిరిగి, మర్యాదగా థాంక్యూ చెప్పి, కాల్ కట్ చేసింది. తర్వాత మేడమీదికి వెళ్ళి తన గది తలుపు వేసుకుంది. ఆ తలుపు అది గట్టిగా వేసి ఉంటే నాకు బావుండేది. చప్పుడు కాకుండా వేసింది.

మేము వద్దన్న మిగతా ఇద్దరికీ మావారు మళ్ళీ మెయిళ్ళు రాశారు. ఒకచోట ఆ చోటు ఇంకో పిల్లకి ఇచ్చేశారు, మేమే కదా ఇచ్చుకోమన్నాం. రెండోచోటివాళ్ళు వెంటనే ఫోన్ చేసి, మీ పిల్లకి ఏమైనా గాయమా, ఆపరేషన్ ఏదైనా జరిగిందా, ఆవిడ ఎందుకు వదులుకుంది అని గుచ్చిగుచ్చి అడిగారు. తప్పిపోయిన సంబంధం గురించి అడిగే గొంతు ఎలా ఉంటుందో మీకు తెలుసు. మాట తప్పింది అవతలివాళ్ళు, మచ్చలు వెతికేది మా పిల్ల ఒంటిమీద! లేదు మొర్రో అని క్లబ్బు కోచ్ కూడా రాసింది. ఆలోచించి చెప్తామన్నారు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు కాబోలు.

అసలు నా కడుపుమంట ఎక్కడుందంటే, ఏ పిల్ల ముఖం చూపించి ఇంత సంత జరిపారో, ఆ పిల్లని తీసుకున్న ప్రొఫెషనల్ జట్టు సీజను మొదటి మ్యాచ్‌కి ముందే ఇంటికి పంపేసింది. ఎంచుకోవడమంటే చోటు ఇవ్వడం కాదట. శిక్షణకి పిలిచి, చూసి, అక్కర్లేదంటే వద్దంటారట. ఎంచుకున్న రోజు టీవీ వాళ్ళు వచ్చారు, పంపేసిన రోజు ఒక చిన్న లైను వేశారు. మా అమ్మాయే ఆ లైను చూసి నాకు చూపించింది. జుట్టు కొస నోట్లో పెట్టుకునే ఆ పిల్ల ఆ రోజు ఏ బస్సెక్కి ఇంటికి వెళ్ళిందో, వాళ్ళమ్మ తలుపు తీసి ఏమందో అని నాకు చాలారోజులు అదే ఆలోచన. దాని నంబరు చూపించుకుని మా పిల్లని తోసేశారని ఆ పిల్లమీద నాకేం కోపం లేదు. ఇద్దర్నీ ఒకే చేత్తో అమ్మారు. కానీ కాలేజీవాళ్ళకి ఆమె ఆడిందా లేదా అన్నది ఎందుకు? నంబరు వచ్చింది, ముఖం ఉంది, పోస్టరుకి చాలు. మా విజయవాడ ర్యాంకు కుర్రాడు తర్వాత ఏమయ్యాడో మా ప్రిన్సిపాల్ మాత్రం ఎప్పుడైనా అడిగాడా?

మా అమ్మాయి ఇక్కడే, ఇంటికి దగ్గర్లో, యూనివర్సిటీలో ఫిజియోథెరపీలో చేరింది. అక్కడి జట్టులో ఆడుతోంది. మేము కారులో వెళ్ళి చూసొస్తాం, పులిహోర డబ్బా ఇప్పటికీ ఖాళీగానే తిరిగొస్తుంది. రెండేళ్ళకి ఆ అమెరికా కోచ్ దగ్గర్నించి మళ్ళీ మెయిలు వచ్చింది. మధ్యలో జరిగిన డ్రాఫ్టుల్లో వాళ్ళ కాలేజీ పిల్లలు ఎవరూ ఎంపిక కాలేదు. పిలవకుండా వచ్చిన పెద్ద ఆటగత్తెలు పిలవకుండానే వేరే కాలేజీలకి వెళ్ళిపోయారు. ఇప్పుడు మీ అమ్మాయి మధ్యలో వచ్చి చేరినా సంతోషమే, మా కుటుంబం తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది అని రాసింది. నేను జవాబు రాయడానికి కూర్చుని, నా ఇంగ్లీషు ఎం.ఏ. అంతా ఖర్చుపెట్టి, ఒక్కో వాక్యానికీ ఉప్పూ కారం పట్టించి సిద్ధం చేశాను. మా అమ్మాయి అది చదివి, పడీపడీ నవ్వి, చెరిపేసి, థాంక్స్, నాకు ఇక్కడ బావుంది అని ఒక్క ముక్క రాసి పంపేసింది.

ఆ పోస్టరు ఆ కాలేజీదే. నలుగురిలో మిగతా ముగ్గురి ముఖాల కింద ఉన్నవి డ్రాఫ్ట్ నంబర్లో, వట్టి బనీను నంబర్లో, నాకు తెలియదు. మన రెండో పిల్ల మాత్రం ఇంకా అక్కడే నవ్వుతోంది, ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వని జట్టు బనీను వేసుకుని.

నేను దాన్ని పీకేద్దామా అని చూస్తుండగా వెనకనుంచి అక్కా అని పిలుపు. నార్తాంప్టన్‌నించి పిల్లని తీసుకొచ్చే తెలుగావిడ, ఆసుపత్రిలో పనిచేస్తుంది, నెల్లూరు వాళ్ళు. చేతిలో స్టీలు డబ్బా. వాళ్ళ అమ్మాయికి ఆ పోస్టరు కాలేజీ కాదు గానీ అలాంటిదే ఇంకో కాలేజీ కోచ్ నిన్న వీడియో కాల్‌లో సీటు ఇస్తానన్నాడట. మొహం మతాబాలా ఉంది. డబ్బాలో లడ్డూలు. ఇంతలో మా అమ్మాయి మెడలో విజిల్ వేసుకుని అటు వచ్చింది. విషయం విని ఆ పిల్లని గట్టిగా కౌగిలించుకుని, ఆ తర్వాత ఆ తల్లితో, తన వచ్చీరాని తెలుగులో చెప్పింది.

“ఆంటీ, సూపర్. కానీ మిగతావాళ్ళకి నో చెప్పొద్దు. అందరితో మాట్లాడుతూనే ఉండండి. ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ అయ్యాక వాళ్ళు మారిపోతారు. సైన్ చేసేదాకా ఎవర్నీ నమ్మకండి.”

ఆవిడ మొహంలో మతాబా కాస్త తగ్గింది. “అదేందమ్మా, ఇస్తానని మాటిచ్చినాడు గదా? మాటిచ్చినాక మేం ఇంకోళ్ళతో మాట్లాడితే ఏం బాగుంటుంది?” అంది. మళ్ళీ నావైపు తిరిగి, “మీరు చెప్పండక్కా,” అంది.

మా అమ్మాయి కూడా నావైపు చూసింది. నేను ఏమంటానో దానికి భయం. సీటిస్తానన్న ఆ కోచ్‌ని నిలదీస్తాను, ఇప్పుడే ఫోన్ కలపండి అంటానేమో అని దాని భయం.

“అమ్మాయి చెప్పినట్టే చెయ్యండి,” అన్నాను.

మరేం చెప్పమంటారు? అది చెప్పింది నిజం. దాని దగ్గర నేర్చుకునే పిల్లల్లో ఒక్కరికి కూడా తలుపు చప్పుడు కాకుండా వేసుకోవాల్సిన అవసరం రాదు. కానీ మాట ఇచ్చినవాళ్ళు నిలబడతారని నేను పెంచిన పిల్ల, ఇరవయ్యేళ్ళకే, ఎవర్నీ నమ్మకండి అని విజిల్ మెడలో వేసుకుని పాఠం చెప్తోంది, అదీ ఎంతో దయగా చెప్తోంది. ఒకప్పుడు మనం పేపర్లో ర్యాంకుల బొమ్మలు చూసి తిట్టుకుని మడిచి పక్కన పడేసేవాళ్ళం. ఇంట్లో మాటకి ఇంకా విలువ ఉందన్న ధైర్యంతో పడేసేవాళ్ళం. ఆ పేపరు ఎప్పుడు ఇంట్లోకి వచ్చి కూర్చుందో నాకు తెలియనే లేదు. నన్ను ఓడించింది ఆ అమెరికా ఆవిడ అని ఇన్నాళ్ళూ అనుకున్నాను, కాదని ఆ హాల్లో నిలబడ్డాక తెలిసింది.

నెల్లూరావిడ డబ్బా మూత వెయ్యబోతోంది. మరీ తొందరపడి తెచ్చానా అన్నట్టు. నేను ఆపి ఒక లడ్డూ తీసుకున్నాను. ఒక మనిషి మాట నమ్మి చుట్టిన లడ్డూ అది, ఇంకా కాస్త వెచ్చగానే ఉంది. అది తినేసి, అడక్కుండానే ఇంకోటి తీసుకున్నాను.